సిక్కోలు చెమ్మలో ఆరు రోజులు

మొదటి రోజు, సెప్టెంబరు 30

ఆమదాలవలసలో బండి దిగగానే కళ్ళజోడు తెల్లబడిపోయింది. రాత్రంతా ఏసీ బోగీలో చల్లబడిన అద్దాలకి బయటి ఉక్కగాలి తగిలింది. తుడుచుకుంటే గానీ ‘శ్రీకాకుళం రోడ్’ అన్న స్టేషను బోర్డు కనిపించలేదు. తెల్లారి వెలుగు బాగుంది, పట్టాల పక్క గడ్డి మీద మంచు మెరుస్తోంది. చెయ్యి కెమెరా బ్యాగు జిప్పు మీదకి వెళ్ళింది. వెళ్ళిన చేతిని వెనక్కి తీసుకున్నాను. కళ్ళజోడుకి పట్టినదే లెన్సుకీ పడుతుంది. కళ్ళజోడైతే తుడుచుకుంటాం. లెన్సు లోపల పడితే మన చెయ్యి చేరదు.

ఈ సిక్కోలు, అంటే శ్రీకాకుళం, జిల్లాలోనే పుట్టాను. ఇరవై ఏళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నాను. అగ్గిపెట్టెంత తేమ కొలిచే మీటరు ఒకటి నా దగ్గరుంది. హైదరాబాదులో మా గదిలో అది 50, 55 శాతం చూపిస్తుంది. ప్లాట్‌ఫారం మీద బయటికి తీసి పట్టుకుంటే పది నిమిషాల్లో 86కి ఎక్కింది.

ఈ ప్రయాణం ఎందుకో ముందే చెప్పాలి. మా నాన్నకి నరసన్నపేటలో ఫోటో స్టూడియో ఉండేది. ఆయన దగ్గర పెంటాక్స్ కె1000 కెమెరా, దానికో 50 ఎంఎం లెన్సు. ఆయన పోయాక వాటిని తోలు కేసులో పెట్టి, ఉద్దానంలో మా మేనత్త ఇంట్లో ట్రంకు పెట్టెలో, పాత చీరల మధ్య దాచాను. ఇంతకన్నా భద్రమైన చోటు ఉండదనుకున్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అత్త ఇంటి పెంకులు సగం లేచిపోయాయి. ట్రంకు పెట్టె మీద మాత్రం చుక్క నీరు పడలేదు. మరుసటి ఏడు తెరిచి చూస్తే కెమెరా పైకి చక్కగానే ఉంది. లెన్సుని కిటికీ వైపు ఎత్తి చూస్తే లోపల సాలెగూడు అల్లినట్టు తెల్లటి పోగులు. బూజు.

ఆ లెన్సుని పాడుచేసింది వాన కాదు. వాన వెలిశాక వారాల తరబడి ఇంట్లో నిలిచిన నెమ్ము, ఆ నెమ్ముని పీల్చి పట్టుకున్న తోలు కేసు, గాలాడని చీకటి, వీటి మూడింటి మధ్యా దాన్ని వదిలేసిన నేను. హైదరాబాదులో ఒక మెకానిక్ విప్పి శుభ్రం చేశాడు. పోగులు పోయాయి, మచ్చ మిగిలింది. బూజు వదిలే ఆమ్లం గాజు మీద ఉండే పల్చటి పూతని తినేస్తుంది. తిన్నది తిరిగి రాదు. ఆ లెన్సునే ఒక అడాప్టరుతో నా కెమెరాకి బిగించి, నాన్న తిరిగిన చోట్ల తిరుగుదామని వచ్చాను.

బ్యాగులో ఒక మిర్రర్‌లెస్ కెమెరా, ఒక జూమ్ లెన్సు, నాన్న లెన్సు, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి, రెండు నూలు తువ్వాళ్ళు, జిప్పు కవర్లు. వీటితోపాటు వంటింటి సామాను కొట్లో దొరికే పెద్ద ప్లాస్టిక్ డబ్బా, మూతకి రబ్బరు చుట్టు ఉన్నది, లోపలిది బయటికి కనిపించేది. అందులో అర కిలో నారింజ రంగు సిలికా జెల్, చిన్న చిన్న గుడ్డ పొట్లాలుగా. పొందూరు ఖద్దరు ముక్కలతో మా ఆవిడ కుట్టి ఇచ్చింది. అంత సన్నని నేతలోంచి గాలి బాగా ఆడుతుంది. ఈ జెల్ తేమ తాగేకొద్దీ ముదురు ఆకుపచ్చకి తిరుగుతుంది. గులాబీ రంగుకి తిరిగే నీలం రకం కూడా దొరుకుతుంది గానీ అందులో కోబాల్టు ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు. నారింజదే కొనండి.

డబ్బాలో మీటరు 40, 50 మధ్య ఉండాలి. 60 దాటి రోజుల తరబడి నిలిచిందంటే బూజుకి కావలసినంత. అలాగని 30కి దిగనివ్వకూడదు, లోపలి గ్రీజూ రబ్బరూ ఎండిపోతాయి.

రెండో రోజు, అక్టోబరు 1

మేనత్త కొడుకు సోంపేట నుంచి రాత్రే వచ్చాడు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తాడు. ఇద్దరం ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాం.

ఏటా మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు ఉదయపు కిరణాలు అరసవల్లి సూర్యనారాయణమూర్తి పాదాల మీద పడతాయి. అక్టోబరులో అది 1, 2 తేదీల్లో. ఏడో శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించిన గుడి అని చెబుతారు. ఆ కాలంలో ఆ లెక్క వేసిన చేతులకి దణ్ణం పెట్టాలి. లోపల ఫోటో తియ్యం. బయట ఆ వేళప్పుడు జనం ముఖాలు తియ్యాలని నా కోరిక.

నాలుగున్నరకి లేచాం. లాడ్జి గదిలో ఏసీ 23 మీద ఉంది. నేను కెమెరాని ఏసీ గదిలోనే జిప్పు కవరులో వేసి, గాలి నొక్కేసి, మూసేశాను.

“ఏటి బావా, అలగ కట్టీసినావు? ఫోటో ఎప్పుడు తీస్తావు మరి?”

“ముప్పావుగంట ఆగు బావా, చెప్తాను.”

తను ఆగలేదు. గుడి వీధి మలుపులో ఒక ముసలాయన దివిటీలా కర్పూరం పళ్ళెం పట్టుకుని వస్తున్నాడు, వెనక అరటిపళ్ళ బుట్టలు. బావ కెమెరా ఎత్తాడు. ఎత్తగానే ముందు అద్దం పాలు పోసినట్టయింది. చొక్కా అంచుతో తుడిచాడు, మళ్ళీ పట్టింది. మూడోసారి తుడిచేసరికి ముసలాయన గోపురం లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ వేళకి బయట 27 డిగ్రీలు, మీటరులో 90. అంత తేమ ఉన్న గాలి 25 డిగ్రీలకన్నా చల్లటి వస్తువు దేన్ని తాకినా దాని మీద నీరై కూర్చుంటుంది. గదిలోంచి తెచ్చిన కెమెరా 23 మీద ఉంది. చల్లనీళ్ళ చెంబు చుట్టూ చెమర్చడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. కవరులో ఉన్న కెమెరాకి అలా పట్టదు, ఎందుకంటే కవరులో దానితోపాటు ఉన్నది ఏసీ గదిలోని పొడిగాలి. ఆ చెమట కవరు పైన పడుతుంది. కెమెరా నిదానంగా బయటి వేడికి వచ్చాక కవరు విప్పితే ఏమీ కాదు. చిన్న లెన్సుకి అరగంట, బరువైన లెన్సుకి గంట. అద్దం మీద మంచు పట్టినప్పుడు చెయ్యకూడని పనులు రెండు: లెన్సు విప్పడం, జూమ్ తిప్పడం. విప్పితే ఆ తడిగాలి లోపల బొమ్మ పట్టే సెన్సారు మీదకే పోతుంది. జూమ్ తిప్పితే లెన్సు పొడవు పెరిగి, కొలిమితిత్తిలా గాలిని లోపలికి లాగుతుంది.

బావ అంతా విని, “ఇదే కదేటి, ఏసీ కల్యాణ మండపంలోంచి ఊరేగింపుకి బయటికొస్తే పది నిమిషాలు నాకేటీ కనబడదు. లెన్సు మంచిది కాదనుకుని మార్చీసినాను కూడా” అన్నాడు. పాతికేళ్ళుగా ఈ పనిలో ఉన్నవాడు. ఆ మాట విన్నాక నాకు ఈ సంగతులన్నీ వివరంగా రాయాలనిపించింది. ఇది తెలియకపోవడం వల్ల ఆయనలాంటి వాళ్ళు ఎంత డబ్బు పోగొట్టుకుని ఉంటారు!

ఆ రోజు తూర్పున మబ్బు వీడలేదు. కిరణాలు పడలేదు. జనం మాత్రం కదల్లేదు, తలలెత్తి మబ్బువైపు చూస్తూ నిలబడ్డారు. ఆ ముఖాలే తీశాను, నాన్న లెన్సుతో.

మధ్యాహ్నం శ్రీకూర్మం. విష్ణువుని కూర్మరూపంలో పూజించే గుడి, స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, రెండు ధ్వజస్తంభాలు. ప్రాంగణంలో పెంచే నక్షత్ర తాబేళ్ళని చూస్తూ పిల్లలు కదలడం లేదు. ప్రదక్షిణ మండపం గోడల మీద పాత చిత్రాలున్నాయి. కింది వరసల్లో రంగు పెచ్చులూడి ఉంది. చెమ్మ నేలలోంచి గోడ ఎక్కుతుంది కాబట్టి ముందు పోయేది కింది వరసే. వాటి ముందు చాలాసేపు నిలబడ్డాను.

మూడో రోజు, అక్టోబరు 2

కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు, ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇక్కడి లైటుహౌసుని నాన్న తీసిన నలుపు తెలుపు ఫోటో మా ఇంట్లో హాల్లో ఉంది. గోడ మీది గీతలు కూడా లెక్కపెట్టవచ్చు, అంత స్పష్టం.

అదే లెన్సు, అదే లైటుహౌసు. సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు తీస్తే ఫోటో అంతటా పాలపొర. నీడలు నల్లగా లేవు, బూడిదగా ఉన్నాయి. పూత పోయిన చోట వెలుగు చెదిరిపోతుంది. సూర్యుణ్ణి వీపు వెనక్కి తెచ్చుకుని, చేత్తో నీడ పట్టి తీస్తే కొంత నయం. ఆ మసకలో కూడా ఒక అందం ఉందని నాకు నేను చెప్పుకోలేను. నాన్న రోజుల్లో చూసినట్టు ఆ లెన్సు ఇప్పుడు చూడలేకపోతోంది. దానికి కారణం నేను.

సముద్రం దగ్గర తేమతో పాటు ఉప్పు కూడా వస్తుంది. అల విరిగినప్పుడు లేచే తుంపర కంటికి కనపడదు గానీ గంటసేపు నిలబడి పెదవి నాకి చూడండి, ఉప్పగా ఉంటుంది. కెమెరా ఒంటి నిండా అదే ఉంటుంది. ఉప్పుకో గుణం ఉంది. గాలిలో తేమ 75 దాటిందంటే అది గాలిలోని నీటిని తనంత తాను లాక్కుని కరిగి ఉప్పునీరవుతుంది. సిక్కోలు తీరంలో వానాకాలమంతా తేమ ఇంచుమించు 75 పైనే. అంటే ఉప్పు పట్టిన కెమెరాని ఇక్కడ ఎంతసేపు ఆరబెట్టినా అది ఆరదు. మరలకి, మీటలకి, ఫ్లాష్ తగిలించే ఇనుప గాడికి రాత్రంతా ఉప్పునీటి స్నానమే. తుప్పు అందుకే అంత తొందరగా పడుతుంది.

ఒడ్డున వల బాగు చేసుకుంటున్న పెద్దాయన మా కెమెరాలకేసి చూసి, “బాబూ, మా ఇంజిన్ని ఇంటికెళ్ళగానే మంచినీళ్ళతో కడిగీకపోతే మూణ్ణెల్లకే పోద్ది. మీదీ అంతేనా?” అని అడిగాడు. అంతే తాతా, అన్నాను. కాకపోతే దీన్ని కడగలేం.

బీచ్ నుంచి రాగానే ఏం చేస్తానంటే, ముందు రబ్బరు బుడ్డితో ఇసుక ఊదేస్తాను. పొడిగుడ్డ పెట్టి మాత్రం రుద్దను, ఉప్పు పలుకులు గీతలు పెడతాయి. తువ్వాలు కొసని మంచినీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, ఒళ్ళంతా తుడుస్తాను. ఉప్పు నీళ్ళలోనే కరిగిపోతుంది, తడిగుడ్డ దాన్ని ఎత్తుకుపోతుంది. ఆ తర్వాత పొడి తువ్వాలు. లెన్సు ముందు ఎప్పుడూ ఒక సాదా గాజు ఫిల్టరు ఉంచి, దాన్ని విప్పి విడిగా తుడుస్తాను. ట్రైపాడ్ కాళ్ళు మాత్రం బకెట్టు మంచినీళ్ళలో ముంచి కడగవచ్చు. అవన్నీ ఆరాక కెమెరా డబ్బాలోకి, సిలికా పొట్లాల మధ్యకి. వాడిన బ్యాగుని జిప్పులన్నీ తీసి ఫ్యాను కింద బోర్లించాలి. లోపలి స్పాంజి పగలంతా చెమ్మ పీలుస్తుంది. కెమెరాని ఆ బ్యాగులోనే రాత్రి ఉంచితే చెమ్మలోనే ఉంచినట్టు.

మధ్యాహ్నం శాలిహుండం ఎక్కాం. 1919లో గిడుగు రామమూర్తి గారు వెలికి తెచ్చిన బౌద్ధ స్థలం. కొండమీద ఇటుక స్తూపాలు, కింద వంశధార, దూరాన సముద్రపు గీత. వానకి తడిసిన ఇటుకల ఎరుపు ఇంకెక్కడా చూడలేదు. ఆ ఒక్క గంట నాన్న లెన్సు బాగా పనిచేసింది, మబ్బు పట్టి వెలుగు మెత్తగా ఉంది కాబట్టి. వరసగా అరవై ఫోటోలు తీశాను.

నాలుగో రోజు, అక్టోబరు 3

శ్రీముఖలింగం దారిలో వాన పట్టుకుంది. చిటపటలుగా మొదలై, వంశధార గట్టు చేరేసరికి కుండపోత.

మధుకేశ్వరాలయం శిల్పాన్ని వానలోనే చూడాలని నా నమ్మకం. నీరు రాతి మీద జారుతుంటే చెక్కడంలో ప్రతి వంపూ తేలుతుంది. ఇప్పచెట్టు మొద్దులో వెలసిన శివుడు కాబట్టి మధుకేశ్వరుడని స్థలపురాణం. ఇది తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని చరిత్రకారులు చెబుతారు. గిడుగు వారు పుట్టిన పర్వతాలపేట కూడా ఈ చుట్టుపక్కలే. మంటపంలో నిలబడి, కెమెరాకి ప్లాస్టిక్ కవరు తొడిగి, లెన్సు మేరకు చిల్లు చేసి, ఆ చిల్లుని రబ్బరుబ్యాండుతో బిగించి తీశాను. వానకి ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. వాన ఎప్పుడు వచ్చిందో మనకి తెలుస్తుంది, ఎప్పుడు పోయిందో తెలుస్తుంది.

వాతావరణం తట్టుకునే సీలింగు ఉన్న కెమెరా కదా, ఇంత శ్రమ దేనికని చాలామంది అడుగుతారు. ఆ రబ్బరు సీళ్ళు ఆపేది చుక్కల్ని. గాలిని ఆపవు. వేడెక్కినప్పుడు కెమెరా గాలి వదులుతుంది, చల్లారినప్పుడు పీలుస్తుంది. పీల్చిన గాలితో పాటే తేమ లోపలికి పోతుంది.

బావ కెమెరా అంత అదృష్టం చేసుకోలేదు. చూరు కింద అనుకుని నిలబడితే పైనుంచి ధార పడింది. తెర వెలగడం ఆరడం మొదలుపెట్టింది. బావ దాన్ని ఆఫ్ చేసి, పనిచేస్తోందా అని మళ్ళీ ఆన్ చెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాను. తడిసిన దానిలో కరెంటు పారితేనే అసలు నష్టం. ముందు బ్యాటరీ తీసెయ్యాలి, తర్వాత కార్డు. మూతలన్నీ తెరిచి, నీరు కిందికి జారేలా వంచి, తువ్వాలుతో అద్ది, డబ్బాలో సిలికా మధ్య పెట్టాలి. రెండు రోజులు ముట్టుకోకూడదు.

టీ కొట్టు ఆమె, పాపం మా కంగారు చూసి, “బియ్యంలో పెట్టండి బాబూ, నా ఫోను అలాగే బాగుపడింది” అని గిన్నెడు బియ్యం తెచ్చి ఇచ్చింది. ఆ మనసుకి దణ్ణం పెట్టాను, బియ్యం మాత్రం వద్దన్నాను. వానాకాలంలో సంచిలోని బియ్యానికే కావలసినంత చెమ్మ ఉంటుంది. అది కొత్తగా పీల్చేది చాలా తక్కువ, పైగా తవుడు పొడి కెమెరా సందుల్లో చేరుతుంది. సిలికా జెల్ బాగా తేమగా ఉన్నచోట తన బరువులో మూడోవంతు దాకా నీటిని పట్టగలదు. హెయిర్ డ్రయ్యరూ వద్దు, వేడిగాలి నీటిని ఇంకా లోపలికి తోస్తుంది.

రాత్రి చూస్తే పొట్లాల్లో సగం ఆకుపచ్చకి తిరిగాయి. డబ్బాలో మీటరు 61. నాలుగు రోజుల్లో మొదటిసారి 60 దాటింది.

ఐదో రోజు, అక్టోబరు 4

తేలినీలాపురం. పక్షులు అప్పుడే రావడం మొదలయ్యాయి, ఇంకా గుంపులు లేవు. చింతచెట్ల మీద గూడబాతులు కొన్ని, ఎర్రకాళ్ళ కొంగలు కొన్ని. ఊళ్ళో వాళ్ళు సైబీరియా పక్షులంటారు గానీ ఇక్కడికొచ్చే మచ్చల ముక్కు గూడబాతు మన ఉపఖండపు పక్షే. ఎక్కడినుంచి వచ్చినా పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఇంకో నెల ఆగి రావాలి.

తిరిగి వస్తూ నౌపడ ఉప్పు మళ్ళ దగ్గర ఆగాం. వానాకాలం కాబట్టి మళ్ళలో నీరు తప్ప ఏమీ లేదు. గట్ల మీద తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు, వాటి చుట్టూ నేల తడిగా నల్లగా ఉంది. రెండు రోజులుగా ఇక్కడ వాన లేదని కాపలా మనిషి చెప్పాడు. ఆ తడి ఉప్పు గాలిలోంచి తాగినదే. మొన్న కళింగపట్నంలో కెమెరా మీద ఉన్నది ఇదే ఉప్పు.

ఆరో రోజు, అక్టోబరు 5

పొద్దున్న పలాస. బావకి తెలిసిన జీడిపప్పు కార్ఖానాలోకి తీసుకెళ్ళాడు. తేమ గురించి ఇన్నేళ్ళుగా నేను తెలుసుకున్నదంతా అక్కడ పనిచేసే ఆడవాళ్ళకి వేళ్ళ కొసల్లో ఉంది.

జీడిపిక్కల్ని ముందు ఎండబెట్టి నిలవ చేస్తారు. ఉడికించి, పెంకు కోసి, పప్పుని వేడిగదిలో ఆరబెడతారు. అప్పుడే పైపొర వదులుతుంది. వేడిగదిలోంచి తీసిన పప్పుని వెంటనే వొలవకుండా కొంచెంసేపు గాలికి ఉంచుతారు. ఎందుకని అడిగితే ఒకామె రెండు పప్పులు చేతిలో పెట్టింది. ఒకటి నొక్కగానే టప్పున విరిగింది. రెండోది విరగలేదు, పొర ఊడింది.

“మరీ ఆరిపోతే ముక్కైపోద్ది, రేటు పడిపోద్ది. నెమ్ముంటే బూజట్టీద్ది. మజ్జినుండాల,” అంది.

గుండ్లు ఏరి 240, 320 అని రకాలు కడుతున్నారు. 240 అంటే పౌను బరువుకి ఎన్ని పప్పులు తూగుతాయో ఆ లెక్క. చివరికి డబ్బాల్లో నింపి, గాలి తీసేసి మూస్తారు. ఎగుమతి సరుకైతే గాలికి బదులు కార్బన్ డయాక్సైడు పోస్తారు. తూకం, రంగు, సైజు అన్నీ అయ్యాక ఆఖరిగా పప్పుని కాపాడేది ఆ మూతే.

అక్కడినుంచి మేనత్త ఊరు. కొబ్బరితోటలు తిత్లీలో పడిపోగా మళ్ళీ పెట్టినవి ఇప్పుడిప్పుడే మనిషిని దాటాయి.

“వచ్చీసినావేటి నాయనా! ఇంత చిక్కిపోనావేటి?” అని అత్త చెంపలు నిమిరింది. మందస కోవా పళ్ళెంలో పెట్టి, తింటేగానీ మాట్లాడనివ్వలేదు.

వంటింట్లో అత్త ఉప్పు జాడీ ఉంది. పింగాణీది, దాని మీద చెక్క మూత, మూత కింద గుడ్డ. అత్త ఉప్పుని ఎప్పుడూ తడిచేత్తో ముట్టదు. వానాకాలంలో పొయ్యి పక్కనే ఉంచుతుంది. రోజూ వంటయ్యాక మూత సరిగా ఉందో లేదో చేత్తో నొక్కి చూస్తుంది. ఒక్కరోజూ తప్పదు. నాన్న లెన్సు ఆ గోడకి అవతలి గదిలోనే ఏళ్ళ తరబడి ఉంది. జాడీ గురించి అత్తకి తెలుసు, లెన్సు కూడా అలాంటిదేనని నేను చెప్పి ఉండాల్సింది.

సిలికా జెల్ వేయించడానికి వేరే మూకుడు బజారులో కొనుక్కుని వచ్చాను. ఇది తిండి గిన్నెలో చెయ్యకూడని పని. అత్త కట్టెల పొయ్యి మీద మూకుడులో ఇసుక పోసి, ఇసుక మీద పళ్ళెం పెట్టి, అందులో గుళికలు పోసి సన్నని సెగ మీద కదుపుతూ కూర్చున్నాను. 120 డిగ్రీలు దాటనివ్వకూడదు, దాటితే రంగు మాడిపోతుంది, ఆ తర్వాత తేమ తాగిందో లేదో చెప్పలేం. గంటన్నరకి ఆకుపచ్చ పోయి నారింజ తిరిగొచ్చింది. వేడిగా ఉండగానే స్టీలు డబ్బాలో పోసి మూత బిగించాను, చల్లారేదాకా ఆరుబయట ఉంచితే ఈ గాలిలో మళ్ళీ తాగేస్తాయి.

బావ సొంతానికి ఎలక్ట్రిక్ డ్రై క్యాబినెట్, అంటే లోపలి తేమని తనే తగ్గించే కరెంటు బీరువా, కొనాలా అని అడిగాడు. కొనమన్నాను, పెళ్ళిళ్ళ వాడికి అది అవసరం. కానీ తుపాను తర్వాత ఇక్కడ రోజుల తరబడి కరెంటు ఉండదు. అప్పుడు దాని తలుపు తెరవకుండా, లోపల కొన్ని సిలికా పొట్లాలు వేసి ఉంచితే చాలా రోజులు కాపాడుతుంది. బావ కెమెరా అప్పటికి రెండు రోజులు ఎండింది. బ్యాటరీ వేసి ఆన్ చేశాడు. వెలిగింది. కొడుకు తిరిగొచ్చినట్టు మొహం పెట్టాడు.

భోజనాలయ్యాక అత్త ట్రంకు పెట్టె తీయించింది. “మీ నాన్నవి ఇంకా ఏవో కాగితాలున్నాయిరా, చూసుకో.” చీరల కింద ఒక గోధుమరంగు కవరు. పైన నాన్న చేతిరాత: ‘కళింగపట్నం, లైటు హౌసు, 1984’. లోపల నెగెటివులు, ఆరేసి ఫ్రేముల ముక్కలు, ఒకదాని మీద ఒకటి. నాలుగు ముక్కలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. నెగెటివు పైపొర జెలటిన్. చెమ్మకి అది ఉబ్బి మెత్తబడి పక్కదానికి అతుక్కుంటుంది.

బావ గోటితో విడదీయబోయాడు. ఆపాను. బలవంతంగా లాగితే బొమ్మ ఒక ముక్కకి, ప్లాస్టిక్ ఇంకో ముక్కకి పోతాయి. తెలిసిన వాళ్ళ చేత నీళ్ళలో నానబెట్టి విడదీయించాలి.

నా కెమెరాని డబ్బాలోంచి తీసేశాను. దాన్ని జిప్పు కవరులో మూడు పొట్లాలతో కట్టి, డబ్బాలో నెగెటివుల కవరు పెట్టాను. చుట్టూ కొత్తగా వేయించిన సిలికా, గుళికలు నేరుగా తగలకుండా మధ్యలో శుభ్రమైన కాగితం. మీటరుని ముఖం పైకి ఉండేలా ఒక మూలన నిలబెట్టాను. మూత బిగించి నాలుగు వైపులా నొక్కాను. అత్త కూడా తన బొటనవేలితో ఒకసారి నొక్కి చూసింది.

సాయంత్రం పలాస స్టేషనులో డబ్బా లోపలి మీటరు 74. ఏసీ బోగీలో డబ్బా ఒక్కసారిగా చల్లబడితే లోపల ఉన్న తేమ కాగితం మీదే చెమర్చవచ్చు. అందుకని రెండు తువ్వాళ్ళూ దానికి చుట్టి, ఒళ్ళో పెట్టుకున్నాను. శ్రీకాకుళం రోడ్‌లో బండి ఆగినప్పుడు తువ్వాలు కొంచెం పక్కకి లాగి, ఫోను లైటు వేసి చూశాను. 63. విశాఖలో 55. గోదావరి వంతెన మీద బండి చప్పుడు మారినప్పుడు మెలకువ వచ్చింది. 47. తువ్వాలు సర్ది, మూత ఒకసారి నొక్కి చూసుకున్నాను.